పాత ల్యాప్‌టాప్ సెల్స్‌తో ఇంటికి బ్యాటరీ బ్యాంకు: మన సీమ ఎండకు తట్టుకునేలా ఎలా కట్టుకోవాలి

కరెంటు పోయినప్పుడు రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు, వైఫై రౌటరు నాలుగైదు గంటలు నడిస్తే చాలు అనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఫ్రిజ్, మిక్సీ, నీళ్ళ మోటరు నడపాలనుకుంటే పాత సెల్స్ జోలికి పోవద్దు, కొత్త లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కొనుక్కోండి. వాడిపారేసిన సెల్స్ తక్కువ కరెంటు నెమ్మదిగా ఇచ్చే పనికి బాగా పనికొస్తాయి. వాటి నుంచి ఒక్కసారిగా ఎక్కువ లాగితే వేడెక్కుతాయి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే అనంతపురం, కర్నూలు, కడపల్లో ఆ వేడి చల్లారడానికి చోటే ఉండదు. అందుకే ఇక్కడ చెప్పే ప్రతి మెట్టూ ఎండను దృష్టిలో పెట్టుకుని చెప్తున్నదే.

ఇంకో మాట. ఈ పనిలో కట్టడం చిన్న పని, ఏరడం పెద్ద పని. విత్తనానికి శనక్కాయలు ఏరినట్టు సెల్స్ ఏరాలి. అనుమానం ఉన్నది ఏదైనా పక్కన పడేయాల్సిందే.

ముందు కాగితం మీద లెక్క

ఏమేం నడవాలో రాసుకోండి. తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, ఒక్కోటి 30 వాట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు మూడు. రౌటరుకు ఓ 10 వాట్లు. అన్నీ కలిపితే 97, అంటే 100 వాట్లు అనుకుందాం. ఐదు గంటలకు 500 వాట్-అవర్లు. ఇన్వర్టరు తనకోసం తినేది కలిపితే దాదాపు 600.

ఏరిన పాత సెల్ ఒకటి సుమారు 2000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్లు, అంటే 2 ఆంపియర్-అవర్లు) ఇస్తుందనుకుంటే, 3.6 వోల్టుల దగ్గర 7.2 వాట్-అవర్లు. 140 సెల్స్ పెడితే దాదాపు 1000 వాట్-అవర్లు. అందులో 60 శాతం మాత్రమే వాడుకుందాం. నిండా నింపకుండా, అడుగంటా ఖాళీ చేయకుండా మధ్యలో తిప్పితేనే పాత సెల్స్ కొన్నేళ్ళు నిలబడతాయి.

ఇరవై సెల్స్ పక్కపక్కన కలిపితే ఒక గుంపు. అలాంటి ఏడు గుంపులను వరుసగా కలపాలి. దీన్నే 7ఎస్20పీ అంటారు. 100 వాట్ల లోడుకు బ్యాంకు నుంచి వచ్చేది 5 ఆంపియర్లు, ఒక్కో సెల్ మీద పడేది పావు ఆంపియరు. ఎంత లోడు పెట్టినా సెల్‌కు అర ఆంపియరు దాటనివ్వకండి. అంటే బ్యాంకు మొత్తానికి 10 ఆంపియర్లు, సుమారు 250 వాట్లు.

ఏడే ఎందుకు?

ఇది అర్థం చేసుకోకుండా ముందుకు పోవద్దు, ఎందుకంటే ఇళ్ళు కాలేది ఇక్కడే. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేవి ఒక్క బ్యాటరీతో నడిచే 12 వోల్టుల ఇన్వర్టర్లు. అవి లెడ్ యాసిడ్ బ్యాటరీని 14.4 వోల్టుల దాకా ఛార్జ్ చేస్తాయి. దానికి మూడు గుంపుల లిథియం బ్యాంకు తగిలిస్తే ఒక్కో సెల్‌కు 4.8 వోల్టులు పడుతుంది. సెల్ తట్టుకునేది 4.2. ఆ తర్వాత మంటే. పోనీ నాలుగు గుంపులు పెడదామంటే సెల్‌కు 3.6 వోల్టులే అందుతుంది, బ్యాంకు ఎప్పటికీ సగం కూడా నిండదు. కాబట్టి 12 వోల్టుల ఇన్వర్టరుకు ఈ సెల్స్ కుదరవు.

రెండు బ్యాటరీలతో నడిచే 24 వోల్టుల ఇన్వర్టరు అయితే లెక్క చక్కగా కుదురుతుంది. దాని 28.8 వోల్టులను ఏడుతో భాగిస్తే 4.11. కింద 21 వోల్టుల దగ్గర అది ఆగిపోతుంది, అంటే సెల్‌కు 3 వోల్టులు. రెండు చివరలా సెల్‌కు హాని లేని చోటే ఉన్నాం. అయితే ఇన్వర్టరు వెనక బ్యాటరీ రకం మార్చే స్విచ్ ఉంటే ట్యూబులర్ మీద ఉంచకండి, దానికి ఛార్జింగ్ వోల్టేజీ ఎక్కువ. ఎస్ఎంఎఫ్ (నీళ్ళు పోయనక్కర్లేని మూసిన బ్యాటరీ) మీద పెట్టి, నిండేటప్పుడు ఎన్ని వోల్టులు వస్తున్నాయో మల్టీమీటరుతో మీరే కొలవండి. ఈక్వలైజ్ మోడ్ ఉంటే ఆపేయండి. అందులో వోల్టేజీ 31 దాకా పోవచ్చు. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ పక్కనే ఇదీ తగిలించి రెండూ కలిపి నడపడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి.

సెల్స్ ఎక్కడ దొరుకుతాయి

మీకు కావలసింది 18650 సెల్. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు ఉన్న గుండ్రటి సెల్. ల్యాప్‌టాప్ వెనక నుంచి ఊడదీసే పాత రకం లావు బ్యాటరీల్లో ఇవి ఉంటాయి. ఇప్పటి సన్నటి ల్యాప్‌టాప్‌లలో ఉండేవి బల్లపరుపు సంచీ సెల్స్, అవి ఈ పనికి వద్దు.

ల్యాప్‌టాప్ రిపేరు అంగళ్ళలో మార్చేసిన బ్యాటరీలు మూల పడి ఉంటాయి. కాలేజీలు, బ్యాంకులు పాత కంప్యూటర్లు వేలం వేసినప్పుడు కొన్నవాళ్ళ దగ్గరా దొరుకుతాయి. పెద్దమొత్తంలో కావాలంటే అనంతపురం నుంచి 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో బెంగళూరు ఎస్పీ రోడ్డు ఉంది. బీఎంఎస్ (ఏ గుంపూ హద్దు మించి నిండకుండా, ఖాళీ కాకుండా కాపాడే బోర్డు), నికెల్ పట్టీ, ప్లాస్టిక్ హోల్డర్లు కూడా అక్కడే చూసి తెచ్చుకోవచ్చు.

ప్యాకు మీద 10.8 వోల్టులు, 4400 ఎంఏహెచ్ అని ఉంటే లోపల ఆరు సెల్స్ ఉన్నట్టు: రెండేసి చొప్పున మూడు జతలు, సెల్ ఒక్కోటి కొత్తలో 2200. 14.4 వోల్టులు, 2200 అని ఉంటే నాలుగే. సగం సెల్స్ పోతాయని ముందే అనుకోండి. 140 మంచివి మిగలాలంటే 280 చేతిలో ఉండాలి, అంటే ఆరు సెల్స్ ప్యాకులు నలభై ఏడు నుంచి యాభై. ఉబ్బినవి, నీళ్ళలో తడిసినవి, నెయిల్ పాలిష్‌లాంటి వాసన వచ్చేవి ఉచితంగా ఇచ్చినా తేవద్దు.

ప్యాకు విప్పడం

ఆరుబయట, నీడలో, గట్టి నేల మీద కూర్చోండి. ఉంగరం, వాచీ, గాజులు, గొలుసు తీసేయండి. కళ్ళద్దాలు, చేతికి తొడుగులు ఉండాలి. ఒక బకెట్ పొడి ఇసుక, ఇంకో రెండు బకెట్ల నీళ్ళు దగ్గర పెట్టుకోండి. పిల్లలు ఆ చాయలకు రాకూడదు.

ప్లాస్టిక్ డొప్పను అతుకు వెంబడి పిండి, పగుళ్ళిచ్చాక మొద్దు అంచు ఉన్న పనిముట్టుతో తెరవండి. స్క్రూడ్రైవర్‌ను లోపలికి పొడవకండి. మొన సెల్‌కు దిగితే అది అక్కడే పొగ కక్కుతుంది. తర్వాత నికెల్ పట్టీలను ఒక్కొక్కటిగా కత్తిరించండి. రెండు పట్టీలు ఒకేసారి కత్తెరలో పడితే షార్ట్ అవుతుంది. కత్తెర, ప్లయర్ పిడుల దాకా ఇన్సులేషన్ టేపు చుట్టండి.

సెల్‌కు అతుక్కున్న నికెల్ తోకలను పూర్తిగా పీకేయకండి. స్పాట్ వెల్డింగ్ మిషన్ లేనివాళ్ళు తర్వాత వాటికే సోల్డర్ చేసుకోవచ్చు. నేరుగా సెల్ అడుగున సోల్డరింగ్ ఐరన్ ఆనిస్తే ఆ వేడికి లోపలి పల్చటి పొర దెబ్బతింటుంది.

పై తొడుగు చిరిగినవాటికి కొత్త తొడుగు వేయండి. సెల్ ఒళ్ళంతా నెగెటివే, పాజిటివ్ బుడిపె చుట్టూ ఉన్న భుజం కూడా నెగెటివే. పాజిటివ్ తీగకూ ఆ భుజానికీ మధ్య ఉన్నది కాగితమంత తొడుగు మాత్రమే. ప్రతి సెల్ పాజిటివ్ వైపు ఇన్సులేషన్ కాగితం రింగు అంటించండి. బోరు మోటర్లకు వైండింగ్ కట్టే అంగళ్ళు మన దగ్గర వీధికొకటి ఉన్నాయి, మోటరు గాడుల్లో పెట్టే గట్టి కాగితం అక్కడ అడిగితే ఇస్తారు.

ఏరడం

విప్పిన వెంటనే ప్రతి సెల్ వోల్టేజీ కొలిచి, నంబరు వేసి, నోటుపుస్తకంలో రాయండి. 3 వోల్టుల పైన ఉంటే తర్వాతి పరీక్షకు. 2.5 నుంచి 3 మధ్య ఉంటే విడిగా గుర్తు పెట్టి పరీక్షకు. 2.5 కంటే తక్కువైతే తీసేయండి. వాటిని మెల్లగా ఛార్జ్ చేసి బతికిస్తామని చెప్పేవాళ్ళుంటారు, వినకండి. సెల్ మరీ ఖాళీగా పడి ఉన్నప్పుడు లోపలి రాగి రేకు కరిగే ప్రమాదం ఉంది. మళ్ళీ ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడో పేరుకుని, ఒక రోజు లోపలే షార్ట్ చేస్తుంది. ఆ రోజు ఎప్పుడొస్తుందో మీటరు చెప్పదు.

రెండో పరీక్ష కెపాసిటీ. నాలుగు గళ్ళ టెస్టింగ్ ఛార్జర్లు దొరుకుతాయి. 1 ఆంపియరుతో నింపి, అర ఆంపియరుతో ఖాళీ చేసి, మళ్ళీ నింపేలా పెడితే ఒక వాయికి పది గంటలు పడుతుంది. పొద్దున పెడితే రాత్రి పడుకునేలోపు అయిపోతుంది. నిద్రపోతూ మాత్రం ఛార్జ్ పెట్టకండి. 280 సెల్స్‌ను ఒక్క ఛార్జరుతో పరీక్షిస్తే డెబ్భై రోజులు పడుతుంది. తొందరగా కావాలంటే రెండు మూడు ఛార్జర్లు కొనండి. పరీక్షలు తగ్గించుకుని టైము ఆదా చేయాలని చూడొద్దు. కొత్తలో 2200 ఉన్న సెల్ ఇప్పుడు 1750 కంటే తక్కువ ఇస్తే పక్కన పెట్టండి.

మూడోది చేతి పరీక్ష. ఛార్జ్ అవుతున్నప్పుడు గంటకోసారి సెల్స్ ముట్టుకుని చూడండి. ముఖ్యంగా చివర్లో, 4 వోల్టులు దాటాక, చెడు సెల్ నిండకుండా వేడెక్కుతూ పోతుంది. మే నెలలో గదే 38 డిగ్రీలుంటే అన్నీ వెచ్చగానే ఉంటాయి, కాబట్టి పక్క గడిలోని సెల్‌తో పోల్చండి. పక్కదాని కంటే ఒకటి తేడాగా వేడిగా ఉంటే అది వద్దు. ఈ సెల్స్‌ను 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు. వీలుంటే ఈ పరీక్షలన్నీ కార్తీకం నుంచి మాఘం లోపు పెట్టుకోండి. చల్లగా ఉన్నప్పుడు వేడెక్కే సెల్ వెంటనే దొరికిపోతుంది.

నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు. నాకైతే అన్నిటికంటే ఇదే ముఖ్యం. నిండా ఛార్జ్ చేసిన సెల్‌ను ఒక రోజు అలా ఉంచి వోల్టేజీ రాయండి. నెల రోజులు కదిలించకుండా ఉంచి మళ్ళీ కొలవండి. 0.05 వోల్టు కంటే ఎక్కువ పడిపోతే ఆ సెల్ లోలోపల కారిపోతోంది. కెపాసిటీ ఎంత బాగున్నా దాన్ని తీసుకోవద్దు. బ్యాంకులో కలిశాక అది తన గుంపులోని పంతొమ్మిదింటినీ కిందికి లాగుతుంది. ఏ సెల్ లాగుతోందో అప్పుడు కనిపెట్టడానికి బ్యాంకంతా విప్పాల్సి వస్తుంది.

గుంపులు పంచడం

ఏడు గుంపుల మొత్తం కెపాసిటీ సమానంగా రావాలి. సెల్స్‌ను పెద్ద నుంచి చిన్నకు వరుసగా పేర్చి, మొదటి ఏడింటిని ఒకటి నుంచి ఏడో గుంపు దాకా, తర్వాతి ఏడింటిని ఏడు నుంచి ఒకటి దాకా వెనక్కి పంచండి. ఇలా ముందుకూ వెనక్కీ పంచుతూ పోతే మొత్తాలు దగ్గర దగ్గరగా వస్తాయి. చివర్లో కూడి చూసుకుని, గుంపుల మధ్య తేడా ఒక శాతం లోపు వచ్చేదాకా ఒకటి రెండు సెల్స్ అటూ ఇటూ మార్చండి. ఒక్కో గుంపు 40,000 ఎంఏహెచ్ దరిదాపుల్లో ఉండాలి.

పక్కపక్కన కలిపే ముందు ఇరవై సెల్స్ వోల్టేజీ ఒకటేనని చూసుకోండి. 4.1 వోల్టుల సెల్‌ను 3.5 వోల్టుల సెల్‌కు తగిలిస్తే కరెంటు దూకుతుంది.

కట్టడం

సెల్స్‌ను ప్లాస్టిక్ హోల్డర్లలో నిలబెట్టండి. ఒకదానికొకటి ఆనకుండా గాలి ఆడేందుకు సందు ఉంటుంది. జిగురుతో అంటించి, టేపు చుట్టి ముద్ద చేయడం మన ఎండకు పనికిరాదు.

నెగెటివ్ వైపు 0.15 మిల్లీమీటర్ల మందం నికెల్ పట్టీని స్పాట్ వెల్డింగ్ చేయండి. అసలు నికెల్ కాకుండా పూత పూసిన ఇనుము అంటగడతారు. ఒక ముక్క గీకి ఉప్పునీళ్ళలో రెండు రోజులుంచితే తుప్పు బయటపడుతుంది. పాజిటివ్ వైపు ప్రతి సెల్‌కూ విడిగా ఒక సన్నటి ఫ్యూజు తీగ పెట్టి, దాన్ని మధ్యలో పోయే రాగి తీగకు సోల్డర్ చేయండి. పాత కిట్‌క్యాట్ ఫ్యూజుల్లో వేసే 5 ఆంపియర్ల రాగి తీగ, సుమారు 0.2 మిల్లీమీటర్ల మందం ఉన్నది సరిపోతుంది. ఒక సెల్ లోపల షార్ట్ అయితే మిగతా పంతొమ్మిదీ తమ కరెంటంతా దానిలోకి కుమ్మరిస్తాయి. అప్పుడు ఈ తీగ తెగిపోయి ఆ ఒక్క సెల్‌ను విడదీస్తుంది. ఇది లేకుండా కట్టిన బ్యాంకును ఇంట్లో పెట్టుకోవద్దని ఖచ్చితంగా చెప్తాను. గుంపును గుంపును కలిపే రాగి తీగ 4 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

ఇప్పుడు బీఎంఎస్. 7ఎస్ లిథియం అయాన్‌కు చేసినదే తీసుకోండి. 20 ఆంపియర్లది చాలు, ఉష్ణోగ్రత చూసే తీగ ఉన్నదైతే మంచిది. ఒక్కో గుంపు వోల్టేజీ చూసే సన్నటి సెన్సు తీగలన్నీ గుంపులకు కలిపాక, వాటి ప్లగ్‌ను బీఎంఎస్ బోర్డుకు పెట్టకముందే మల్టీమీటరు నల్ల తీగను మొదటి గడిలో ఉంచి, ఎర్ర తీగను ఒక్కో గడికీ జరుపుతూ చూడండి. 3.7, 7.4, 11.1, 14.8, 18.5, 22.2, 25.9 ఇలా మెట్లు మెట్లుగా పెరగాలి. ఏ మెట్టయినా తప్పితే తీగలు తారుమారయినట్టే.

బ్యాంకు నుంచి బయటికి వచ్చే పాజిటివ్ తీగకు, వీలైనంత దగ్గరలో 20 ఆంపియర్ల డీసీ ఎంసీబీ పెట్టండి. ఇంటి బోర్డులో వాడే ఏసీ ఎంసీబీ ఇక్కడ పనిచేయదు. డీసీలో పుట్టిన మెరుపు తనంతట ఆరదు. సోలారు సామాను అమ్మే అంగడిలో డీసీది అడగండి.

ఎక్కడ పెట్టాలి

మిద్దె మీద రేకుల షెడ్డులో ససేమిరా వద్దు. సోలారు తీగ దగ్గరవుతుందని చాలామంది అక్కడే పెడతారు. మధ్యాహ్నం ఆ రేకు కింద ఛార్జ్ చేసే సమయానికే సెల్స్ 45 డిగ్రీలు దాటేస్తాయి. కింది అంతస్తులో, ఉత్తరం వైపు గోడ పక్కన, ఎండ తగలని చోటు చూడండి. వరండా అయితే ఇంకా మంచిది. పడక గదిలో, మెట్ల కింద, వంటింట్లో గ్యాసు సిలిండరు దరిదాపుల్లో, ఇంట్లోంచి బయటికి పోయే దారిలో పెట్టకండి.

140 సెల్స్ బరువు ఆరేడు కిలోలే. లోపల సిమెంటు బోర్డు పరిచిన ఇనుప పెట్టె చేయించి, కింద ఒక కడప బండ వేసి దాని మీద ఉంచండి. పెట్టెకు కింద, పైన గాలి కంతలు పెట్టి, వాటికి సన్నటి జాలీ బిగించండి. లేకపోతే ఎలుక తీగ కొరుకుతుంది, బల్లి రెండు తీగల మీద పడి షార్ట్ చేస్తుంది. మన ఊళ్ళలో గాలికి దుమ్ము ఎక్కువ, నెలకోసారి జాలీ దులపండి.

పొగ వస్తే బ్యాంకు దగ్గరికి వంగి చూడకండి. ఆ పొగలో ఒంటికి హాని చేసే విషవాయువులుంటాయి. అందరినీ బయటికి పంపి 101కు ఫోన్ చేయండి. ఇన్వర్టరు కరెంటు లైన్ ఆపేసి, దూరం నుంచి కొట్టే వీలుంటే నీళ్ళే బాగా కొట్టాలి. ఈ మంటకు కావలసింది సెల్స్ చల్లబడడం. పొడి చల్లే సిలిండరు మంటను అణచగలదు గాని వేడిని తీయలేదు.

సోలారుతో నింపాలంటే

200 వాట్ల ప్యానెల్ చాలు. మన ఎండకు రోజుకు 700 వాట్-అవర్ల దాకా రావచ్చు. కానీ 18 వోల్టుల చిన్న ప్యానెల్ ఒక్కటి ఈ బ్యాంకును నింపలేదు, అలాంటివి రెండు వరుసగా కలపాలి. ఛార్జ్ కంట్రోలరులో వోల్టేజీ మనమే పెట్టుకునే వీలుండాలి. మామూలు రోజుల్లో 28.7 పెట్టండి. మార్చి చివర నుంచి వానలు పడేదాకా 28కి తగ్గించండి. సెల్‌కు 4 వోల్టులే పడుతుంది, నిలవ కొంత తగ్గుతుంది. వేడిలో నిండా నిండి ఉండడమే సెల్‌ను అన్నిటికంటే త్వరగా ముసలిదాన్ని చేస్తుంది కాబట్టి ఆ తగ్గుదల మంచిదే.

మొదటి వారం ఇంట్లో ఎవరో ఒకరు మెలకువగా ఉన్నప్పుడే నడపండి. రోజూ ఏడు గుంపుల వోల్టేజీ రాసుకోండి. తర్వాత నెలకోసారి చాలు. అన్ని గుంపులూ 0.02 వోల్టు తేడాలో నడుస్తూ ఉండి, ఒక్కటి మాత్రం ప్రతి నెలా వెనకబడుతుంటే అందులో కారే సెల్ ఉంది. బీఎంఎస్ సర్దుకుంటుందిలే అని వదిలేయకండి. ఎంసీబీ ఆపి, ఆ గుంపును విడదీసి, ఫ్యూజు తీగలు ఊడదీసి వారం రోజులుంచితే ఏ సెల్ పడిపోయిందో తెలుస్తుంది.

ఏరగా మిగిలిన చెడ్డ సెల్స్‌ను చెత్త బండిలో వేయకండి. ట్రక్కులో నలిగితే అక్కడే అంటుకుంటాయి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం కూడా వీటిని మామూలు చెత్తలో కలపకూడదు. రెండు కొసలకూ టేపు వేసి, మూత బిగించని డబ్బాలో ఇసుక మధ్య పేర్చి, ఇంటి బయట నీడలో ఉంచండి. ఈ-వ్యర్థాలు తీసుకునే రిజిస్టరైన సంస్థకే ఇవ్వండి. పాత ఇనుము కొనేవాళ్ళకు ఇస్తే రాగి కోసం సుత్తితో కొడతారు.

పది రోజులు ఊరికి పోతుంటే బ్యాంకును నింపి వెళ్ళకండి. 26 వోల్టుల దగ్గరికి దించి, ఎంసీబీ ఆపి, సోలారు తీగ కూడా విడదీసి వెళ్ళండి. తిరిగొచ్చాక ఎంసీబీ వేసే ముందు ఏడు గుంపులూ కొలిచి, పుస్తకంలో పాత అంకెల పక్కన రాసి చూసుకోండి.